2.5 సి.సి. గ్లో ఇంజన్‌ను కంట్రోల్ లైన్ విమానానికి అమర్చిన పని డైరీ

కంట్రోల్ లైన్ విమానం అంటే, మధ్యలో నిలబడిన మనిషి చేతిలోని హ్యాండిల్‌కు రెండు తీగలతో కట్టి చుట్టూ ఎగరేసే నమూనా విమానం. గ్లో ఇంజన్‌లో ఇంధనాన్ని అంటించేది ఎర్రగా వెలిగే ప్లగ్గు తీగ. పని మొదలుపెట్టేటప్పటికి బల్ల మీద ఉన్నవి ఇవి. రేడియో విమానంలోంచి ఊడదీసిన పాత 2.5 సి.సి. ఇంజన్ ఒకటి. ప్లెయిన్ బేరింగ్ (బాల్స్ లేనిది), ఇనుప పిస్టన్, స్టీలు లైనర్ (పిస్టన్ కదిలే గొట్టం). 12 మి.మీ. మందం ఫ్యూజలాజ్ (విమానం మొండెం) ఒకే పలకగా ఉన్న ప్రొఫైల్ విమానం, ఇంజన్‌తో కలిపి 540 గ్రాములు. 8 అంగుళాల వ్యాసం, 4 అంగుళాల పిచ్ (ఒక్క చుట్టుకు ముందుకు పోవాల్సిన దూరం) ఉన్న చెక్క ప్రొపెల్లర్. 0.30 మి.మీ. స్టీలు తీగలు రెండు.

అనుకున్న ఫలితాన్ని ముందే అంకెల్లో రాసుకున్నాం. చుట్టుకు 5.0 సెకన్లు. మొదటి చుట్టుకీ ట్యాంకు అడుగంటే చివరి చుట్టుకీ తేడా అర సెకను కూడా దాటకూడదు. విమానం తిరగబడి ఎగిరినా అదే వేగం ఉండాలి.

తీగల పొడవు హ్యాండిల్ పిడి నుంచి విమానం మధ్యగీత దాకా 15.92 మీటర్లు. చుట్టు సరిగ్గా 100 మీటర్లవుతుంది, 10 చుట్లకు కిలోమీటరు. స్టాప్‌వాచ్ ఒక్కటి చాలు, వేగం నోటి లెక్కకు వస్తుంది.

డైరీ అంతటా పాటించిన నియమం ఒక్కటే: ఒకసారికి ఒక్క మార్పు. ఇంజన్ ఏ రకంగా మొండికేసినా చెయ్యి ముందు నీడిల్ (ఇంధనం ఎంత పోవాలో సర్దే సూది మర) మీదకే పోతుంది. ఈ పనిలో ఎదురైన లోపాల్లో నీడిల్ వల్ల వచ్చినది ఒక్కటీ లేదు.

దశ 1: బిగుసుకుపోయిన ఇంజన్‌ను విడిపించడం

క్రాంక్‌షాఫ్ట్ కదల్లేదు. కారణం తుప్పు కాదు, ఎండి లక్కలా మారిన ఆముదం. ఇలాంటప్పుడు ప్రొపెల్లర్ బిగించి బలవంతంగా తిప్పితే సన్నటి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. వంగిన రాడ్ బయటికి కనిపించదు. నాలుగు నిమిషాల నడక తర్వాత విరిగి లైనర్‌ను కూడా పాడుచేస్తుంది.

1. ప్లగ్గు, వెనక మూత, కార్బురేటర్ విప్పి ఇంజన్‌ను మూత ఉన్న గాజు సీసాలో మిథనాల్‌లో 24 గంటలు నానబెట్టాలి. ఆముదం మిథనాల్‌లో కరుగుతుంది. పెట్రోలులో, కిరోసిన్‌లో నానబెట్టడం వల్ల పెద్దగా ఉపయోగం లేదు.
2. బయటికి తీసి మిథనాల్ పూర్తిగా ఆరిపోయే దాకా ఆరుబయట ఉంచాలి. తడి ఉండగా వేడి చూపిస్తే అంటుకుంటుంది, మిథనాల్ మంట పగటి వెలుగులో కంటికి కనిపించదు.
3. హీట్‌గన్‌తో క్రాంక్‌కేస్‌ను చేత్తో పట్టుకోలేనంత వేడి చేసి, గుడ్డతో పట్టుకుని షాఫ్ట్‌ను అటూ ఇటూ కొద్దికొద్దిగా ఆడించాలి.
4. కదలిక రాగానే రెండు చుక్కల పలచని నూనె వేసి మళ్లీ వేడి చేయాలి.

మూడో విడత వేడికి షాఫ్ట్ విడిపడింది. పిస్టన్ పైన ఉన్న నల్లటి పొరను లోహపు పనిముట్టుతో గీకలేదు, వెదురు పుల్లతో తీశాం. ఇనుప పిస్టన్ అంచుకు ఒక గీత పడితే కంప్రెషన్ పోయినట్టే.

తిరిగి బిగించాక లీకు పరీక్ష చేశాం. వెనక మూత చుట్టూ, క్రాంక్‌షాఫ్ట్ ముందు చివర నూనె రాసి ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పితే వెనక మూత కింది మూల బుడగలు లేచాయి. పాత కాగితపు గాస్కెట్ ఆ మూల చిరిగింది. 0.2 మి.మీ. గాస్కెట్ కాగితంతో కొత్తది కత్తిరించి, స్క్రూలను ఎదురెదురుగా రెండు విడతల్లో బిగించాం. బుడగలు ఆగాయి. ఈ లీకు పట్టించుకోకుండా స్టార్టు చేసి ఉంటే ఇంజన్ వేడెక్కిన కొద్దీ లీన్ అయ్యేది (గాలికి తగినంత ఇంధనం అందకపోవడం), ఆ తప్పు నీడిల్ మీదకు పోయేది.

పైదంతా ఇనుప పిస్టన్ సంగతి. ఏబీసీ రకం (అల్యూమినియం పిస్టన్, క్రోమ్ పూసిన ఇత్తడి లైనర్) ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పైకొచ్చే చోట పట్టేస్తుంది, అది మామూలే. ఇనుప పిస్టన్ అలా పట్టేస్తే మాత్రం ఏదో తేడా ఉన్నట్టు.

దశ 2: ఇంధనం

ఇనుప పిస్టన్, ప్లెయిన్ బేరింగ్ కనుక నూనె ఎక్కువ కావాలి, అందులో ఆముదం ఉండి తీరాలి. సింథటిక్ నూనె శుభ్రంగా కాలుతుంది గానీ, ఇంజన్ లీన్ అయి వేడెక్కిన క్షణాన లోహం మీద నిలిచి కాపాడేది ఆముదమే. మొదటి లీటరు:

మిథనాల్ 700 మి.లీ., 554 గ్రాములు
ఆముదం 250 మి.లీ., 240 గ్రాములు
నైట్రోమిథేన్ 50 మి.లీ., 57 గ్రాములు
మొత్తం 851 గ్రాములు

గ్రాములు ఎందుకంటే, మొదట కొలపాత్రతో కలిపిన లీటరు తేడా వచ్చింది. ఆముదం పాత్ర గోడకు అంటుకుపోయి, ఖాళీ పాత్రను తూచితే 14 గ్రాములు లోపలే మిగిలి ఉంది. అంటే 25 శాతం అనుకున్న నూనె దాదాపు 24 శాతమే చేరింది. అప్పటి నుంచి సీసాను తూకం మీద పెట్టి, ఒక్కోటి పోస్తూ బరువు చూసుకుంటున్నాం.

నైట్రో దొరక్కపోతే పని ఆగదు. అంతర్జాతీయ ఎఫ్2ఏ (కంట్రోల్ లైన్) స్పీడు పోటీల్లో 2.5 సి.సి. ఇంజన్లు చాలాకాలం 80 శాతం మిథనాల్, 20 శాతం ఆముదంతోనే నడిచాయి. 5 శాతం నైట్రో వేస్తే నీడిల్ కాస్త వదులుగా సర్దుకోవచ్చు, స్టార్టు కావడమూ తేలిక. మిథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది కనుక సీసా నిండుగా, మూత బిగుతుగా ఉండాలి. చర్మం గుండానూ ఒంట్లోకి పోతుంది, గ్లవ్స్ తప్పనిసరి.

దశ 3: ప్లగ్గు, కరెంటు

ప్లగ్గు మర పావు అంగుళం, అంగుళానికి 32 చుట్లు. పొట్టి, పొడుగు అని రెండు రకాలున్నాయి. హెడ్‌లో మర లోతును వెర్నియర్‌తో కొలిస్తే వాషర్ పోను 4.6 మి.మీ. వచ్చింది. పొడుగు ప్లగ్గు వేస్తే చివర లోపలికి పొడుచుకొస్తుంది, పిస్టన్‌కు తగిలే ప్రమాదం ఉంది. పొట్టిదే వేశాం.

మొదటి రోజు ఇంజన్ అప్పుడప్పుడూ ఒక్కసారి పేలి, ప్రొపెల్లర్‌ను వెనక్కి తన్ని ఆగిపోయింది. బ్యాటరీ 1.21 వోల్టులు చూపిస్తోంది. అయితే అసలు కొలవాల్సింది ప్లగ్గు దగ్గర, ప్లగ్గు వెలుగుతుండగా. అక్కడ 0.92 వోల్టులే ఉంది. ఈ ప్లగ్గు 2.8 ఆంపియర్లు తీసుకుంటుంది. 1.5 మీటర్ల పొడవైన 0.5 చదరపు మి.మీ. వైరు, రానూ పోనూ 3 మీటర్లు, 0.1 ఓమ్ నిరోధం. 2.8 × 0.1 అంటే 0.28 వోల్టు వైర్లోనే ఖర్చు.

మార్పు: 40 సెం.మీ. పొడవు, 1.5 చదరపు మి.మీ. వైరు. ప్లగ్గు దగ్గర 1.17 వోల్టులు. ముదురు ఎరుపులో ఉన్న తీగ నారింజ రంగుకొచ్చింది. రెండో తిప్పుకే ఇంజన్ అందుకుంది.

అందుకుంది గానీ బ్యాటరీ తీయగానే ఆగిపోయింది. వరసగా నాలుగుసార్లు. ఈసారి తప్పు ప్లగ్గుది. ప్లగ్గు తీగలోని ప్లాటినం మిథనాల్ ఆవిరితో చర్య జరిపి తనంతట తాను ఎర్రగా ఉండాలి. పాత ప్లగ్గు తీగ బూడిద రంగులో, ఉప్పు అంటినట్టు గరుకుగా కనిపించింది. కరెంటుకు వెలుగుతుంది, చర్యకు పనికిరాదు. ప్లగ్గు బ్యాటరీకి వెలిగింది కదా అని బాగున్నట్టు లెక్క వేయకూడదు. కొత్తది వేశాక బ్యాటరీ తీస్తే వేగం 200 ఆర్పీఎం తగ్గి అక్కడే నిలిచింది.

స్టార్టు చేసే వరస:

1. నీడిల్ పూర్తిగా మూసి 3 చుట్లు తెరవాలి.
2. వెంచురి (గాలి లోపలికి పోయే గొట్టం) నోరు వేలితో మూసి, బ్యాటరీ లేకుండా ప్రొపెల్లర్‌ను రెండుసార్లు తిప్పాలి. పైపులో ఇంధనం స్ప్రేబార్ (వెంచురిలో ఇంధనం చిమ్మే అడ్డగొట్టం) దాకా రావడం కనిపించాలి.
3. ఎగ్జాస్టులో రెండు చుక్కల ఇంధనం.
4. ప్రొపెల్లర్‌ను నెమ్మదిగా ఒక పూర్తి చుట్టు తిప్పి చూడాలి. ఎక్కడైనా గట్టిగా ఆగితే ఇంధనం ఎక్కువైనట్టు. బలవంతం చేయకుండా ప్లగ్గు విప్పి, పొంగిన ఇంధనం కక్కించాలి.
5. బ్యాటరీ తగిలించి, రబ్బరు తొడుగు వేసిన కర్రతో తిప్పాలి. వేలితో వద్దు.
6. అందుకున్నాక ప్రొపెల్లర్ వెనక వైపు నుంచే నీడిల్ సర్దాలి. ప్రొపెల్లర్ తిరిగే తలానికి ఎదురుగా మనిషి ఎవరూ నిలబడకూడదు.

ఇప్పటివరకు: ప్లగ్గులు 2, నడక దాదాపు శూన్యం.

దశ 4: బ్రేక్-ఇన్ (ఇంజన్‌ను నడిపి కుదుర్చుకోవడం)

దట్టమైన చెక్క దిమ్మకు బిగించి 8 సార్లు రెండేసి నిమిషాలు, ఆపై 4 సార్లు మూడేసి నిమిషాలు నడిపాం. ప్రతి నడక తర్వాత హెడ్ చేతికి చల్లగా తగిలే దాకా ఆగాం. అలా వేడెక్కి, చల్లారితేనే ఇనుప పిస్టన్ లైనర్‌కు కుదురుకుంటుంది.

మొదటి 8 నడకలూ బాగా రిచ్‌గా (ఇంధనం ఎక్కువగా), రెండు చుట్లకొకసారి పేలే బరబర మోతలో. దాన్నే ఫోర్-స్ట్రోక్ మోత అంటాం. 9వ నడక నుంచి పది సెకన్లపాటు నీడిల్ మూసి జుయ్యిమనే టూ-స్ట్రోక్ మోతకు తెచ్చి మళ్లీ తెరిచాం. 12వ నడకలో ఆ మోతలోనే 40 సెకన్లు నిలిచింది, వేగం జారలేదు. జారి ఉంటే పిస్టన్ ఇంకా కుదురుకోలేదని అర్థం. ఎగ్జాస్టు నూనె మొదట బూడిద రంగులో వచ్చి, 7వ నడక నుంచి తేనె రంగుకు తేరుకుంది.

ఏబీసీ ఇంజన్‌ను ఇలా చల్లగా, రిచ్‌గా ఎక్కువసేపు నడపకూడదు. లైనర్ వేడికి వ్యాకోచిస్తేనే పైభాగపు బిగుతు వదులుతుంది.

ఇప్పటివరకు: నడక 28 నిమిషాలు, ఇంధనం 320 మి.లీ.

దశ 5: వెంచురి

రేడియో కార్బురేటర్ తీసేసి మామూలు వెంచురి, అడ్డంగా స్ప్రేబార్ పెట్టాం. వెంచురి రంధ్రం 7.0 మి.మీ., స్ప్రేబార్ లావు 3.5 మి.మీ. నేల మీద 13,100 ఆర్పీఎం వచ్చింది, అంకె బాగుంది. విమానాన్ని చేత్తో పట్టుకుని ముక్కు 45 డిగ్రీలు పైకెత్తగానే రెండు సెకన్లలో లీన్ అయి ఆగింది. నీడిల్ అర చుట్టు తెరిస్తే ముక్కు ఎత్తినా ఆగలేదు, సమంగా పట్టుకున్నప్పుడు మాత్రం పొగలు కక్కుతూ ఈడ్చుకుంటోంది. ఇక నీడిల్ వదిలేసి లెక్క వేశాం.

గాలి పోయే జాగా అంటే రంధ్రం వైశాల్యంలోంచి స్ప్రేబార్ అడ్డుపడే మేర తీసెయ్యాలి.

7.0 రంధ్రం: 38.5 − (7.0 × 3.5) = 14.0 చ.మి.మీ.
6.0 రంధ్రం: 28.3 − (6.0 × 3.5) = 7.3 చ.మి.మీ.

రంధ్రం ఒక్క మి.మీ. తగ్గితే జాగా సగానికి పడిపోతుంది. అదే గాలి అందులోంచి పోవాలంటే వేగం పెరుగుతుంది, పీల్చే బలం ఆ వేగపు వర్గంతో పెరుగుతుంది. కంట్రోల్ లైన్ విమానంలో ఇంధన పంపు లేదు, పైకీ కిందకీ పల్టీలు కొట్టే ట్యాంకులోంచి ఇంధనం లాక్కోవాల్సింది ఈ పీల్పుడే. అందుకే కాస్త శక్తి వదులుకునైనా పీల్పును కొనుక్కోవాలి.

బయట 7, లోపల 6 మి.మీ. ఉన్న ఇత్తడి గొట్టం ముక్కను వెంచురిలోకి దించి, స్ప్రేబార్ రంధ్రాలను దానిగుండా తొలిచాం. స్ప్రేబారే దాన్ని పట్టి ఉంచుతుంది కనుక జారిపోదు. ఇత్తడి పొడి ఒక్క రవ్వ కూడా క్రాంక్‌కేస్‌లోకి పోకుండా ఈ పని వెంచురి విడిగా తీసి చేయాలి.

ఇంజన్ మళ్లీ మారాం చేసింది. నిన్నటి సెట్టింగు ఇవాళ లేదు. స్ప్రేబార్ విప్పి చూస్తే, నట్టు బిగించేటప్పుడు అది కొద్దిగా తిరిగిపోయి ఇంధన రంధ్రం పక్క గోడకేసి చూస్తోంది. రంధ్రం క్రాంక్‌కేస్ వైపు తిరిగి ఉండాలి. స్ప్రేబార్ చివర రంధ్రానికి సరిగ్గా ఎదురుగా ఆకురాయితో సన్న గీత పెట్టాం. ఇప్పుడు విప్పకుండానే గీత చూసి రంధ్రం ఎటుందో చెప్పొచ్చు. నీడిల్ మర గుండా గాలి దూరకుండా దాని మీద సిలికాన్ గొట్టం ముక్క, 8 మి.మీ. పొడవు, బిగుతుగా తొడిగాం.

ఫలితం: నేల మీద గరిష్ఠం 12,600. ముక్కు 45 డిగ్రీలు ఎత్తితే 200 మాత్రమే పెరిగి నిలకడగా ఉంది.

ఇప్పటివరకు: నడక 37 నిమిషాలు, ఇంధనం 420 మి.లీ.

దశ 6: ట్యాంకు

ఈ డైరీలో ఎక్కువ సమయం తిన్నది ఇదే.

ఎగిరే ముందు తీగల పరీక్ష: విమానాన్ని ఒకరు పట్టుకుని, హ్యాండిల్‌ను స్ప్రింగు త్రాసుతో బరువుకు పది రెట్లు, అంటే 5.4 కిలోలు లాగాలి. ప్రతిసారీ, మినహాయింపు లేకుండా. చుట్టూ కరెంటు తీగలున్న చోట అసలు ఎగరెయ్యకూడదు, చేతిలో ఉన్నది స్టీలు.

మొదటి ట్యాంకు మామూలుది. 65 మి.మీ. పొడవు, 32 ఎత్తు, 32 వెడల్పు. వెడల్పులో మొదటి 18 మి.మీ. నిటారు పెట్టె, తర్వాతి 14 మి.మీ. బయటికి మొనదేలిన ఆకారం. లెక్కకు 52 మి.లీ., సిరంజితో నింపితే 50 పట్టింది. 10 చుట్ల సమయాలు, మూడు ఎగురుళ్ల సగటు:

మొదటి 10 చుట్లు: 53.4 సెకన్లు
నడుమ 10 చుట్లు: 50.1
చివరి 10 చుట్లు: 46.9, ఆఖరి రెండు చుట్లలో వేడెక్కి గొంతు జారింది

నేల మీద కాస్త లీన్‌గా పెడితే చివర వేడికి ఆగిపోతోంది. రిచ్‌గా పెడితే మొదటి నిమిషం పైకెక్కే బలం లేదు. రెంటికీ నడుమ సరైన చోటంటూ లేదు.

కారణం లెక్కలో దొరికింది. 20 మీ./సె. వేగం, 15.92 మీ. వ్యాసార్ధం. 400 ÷ 15.92 = 25.1, అంటే భూమ్యాకర్షణకు 2.56 రెట్లు. విమానంలో ఉన్న ఇంధనానికి "కింద" అంటే చుట్టు బయటి వైపు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఇంధనం అంచు మధ్యగీతకు 6 మి.మీ. దూరంలో, అడుగంటినప్పుడు 38 మి.మీ. దూరంలో ఉంటుంది. పక్కకు పడుకోబెట్టిన ఇంజన్ స్ప్రేబార్ 22 మి.మీ. దగ్గరుంది. అంటే మొదట ఇంధనం స్ప్రేబార్ కన్నా 16 మి.మీ. "పైన", చివర 16 మి.మీ. "కింద". 32 మి.మీ. తేడాను 2.56తో గుణిస్తే 82 మి.మీ. నేల మీద ట్యాంకును 82 మి.మీ. నెమ్మదిగా కిందకి దించుతూ ఇంజన్ నడిపితే ఎలా ఉంటుందో గాలిలో అదే జరుగుతోంది.

మందు యూనిఫ్లో ట్యాంకు. గాలి గొట్టం ట్యాంకు పైభాగంలో ఆగకుండా ఇంధనంలోకి దిగి, పీల్చే గొట్టం చివర పక్కదాకా పోతుంది. మిగతా ద్వారాలన్నీ మూసేస్తే గాలి ఆ గొట్టం చివర నుంచే బుడగలుగా రావాలి. అప్పుడు ఇంజన్‌కు కనిపించే మట్టం ఆ గొట్టం చివరే, పైన ఇంధనం ఎంతున్నా సరే.

1. 0.25 మి.మీ. తగరం పూత రేకు, 3 మి.మీ. బయటి వ్యాసం ఉన్న ఇత్తడి గొట్టాలు మూడు.
2. పీల్చే గొట్టం చివర ట్యాంకు వెనక బయటి మూలలో, రేకుకు 1.5 మి.మీ. ఎడంగా. చివరను ఏటవాలుగా కోయాలి, లేకపోతే రేకుకు అతుక్కుని మూసుకుంటుంది.
3. యూనిఫ్లో గొట్టం అదే బయటి అంచు వెంట, బయటి నోరు గాలికి ఎదురుగా.
4. నింపే గొట్టం లోపలి వైపు ముందు మూల.
5. లోపలి గొట్టాలను రాగి తీగతో ఒకదానికొకటి కట్టి టంకం వేయాలి. వదులుగా ఉంటే అదురుకు విరుగుతాయి.
6. టంకం అయ్యాక వేడినీళ్లు, వంటసోడాతో లోపల కడగాలి. ఆమ్లపు ఫ్లక్స్ మిగిలితే నెల తిరక్కుండా రేకు తుప్పు రాలి నీడిల్‌లో ఇరుక్కుంటుంది.
7. రెండు గొట్టాలు మూసి, మూడోదానికి సిరంజి తగిలించి, నీళ్లలో ముంచి ఒత్తిడి పెట్టాలి.

మొదటిసారి ముంచితే ఒక మూల బుడగలు. మళ్లీ టంకం, మళ్లీ నీళ్లు, ఆగింది.

4వ ఎగురు: 53.1, 50.0, 47.2. ఏమీ మారలేదు. దించి చూస్తే నింపే గొట్టానికి టోపీ లేదు. అది తెరిచుంటే గాలి అటునుంచి దర్జాగా వస్తుంది, యూనిఫ్లో మళ్లీ మామూలు ట్యాంకే. సిలికాన్ గొట్టం ముక్కలో స్క్రూ దూర్చి ఎర్ర దారంతో ట్యాంకుకే కట్టాం, మరిచిపోతే కంటికి కనిపించేలా.

5వ ఎగురు: టోపీ ఉంది. వేగం నిలకడగా ఉంది గానీ ప్రతి మూడు నాలుగు సెకన్లకూ ఒక తుమ్ము. యూనిఫ్లో చివర, పీల్చే గొట్టం చివర రెండింటి మధ్య 2 మి.మీ. మాత్రమే పెట్టాం, వచ్చిన బుడగ వచ్చినట్టే ఇంజన్‌లోకి పోతోంది. వెనక రేకు విప్పి యూనిఫ్లో చివరను పీల్చే గొట్టానికి 8 మి.మీ. ముందుకు జరిపాం.

6వ ఎగురు: 50.6, 50.1, 49.5. తుమ్ములు లేవు.

గొట్టం నోరు గాలికి ఎదురుగా పెట్టడానికి కారణం ఉంది. 20 మీ./సె. గాలి ఒత్తిడి 240 పాస్కల్స్, మన ఇంధనంలో అది 29 మి.మీ. మట్టానికి సమానం. గొట్టం చివర స్ప్రేబార్ కన్నా 14 మి.మీ. బయటుంది, 2.56 రెట్లతో 36 మి.మీ. లోటు. గాలి ఒత్తిడి అందులో 29 పూడుస్తుంది. మిగిలిన 7 మి.మీ. లోటు వల్ల గాలిలో ఇంజన్ నేల మీదకన్నా కొంచెం లీన్ అవుతుంది. అందుకే నేల మీద గరిష్ఠం 12,600 అయితే 12,000కు తెరిచి వదులుతున్నాం.

ఇప్పటివరకు: 6 ఎగురుళ్లు, నడక 67 నిమిషాలు, ఇంధనం 720 మి.లీ.

దశ 7: నురగ

7, 8 ఎగురుళ్లలో 10 చుట్ల సమయాలు బాగానే ఉన్నాయి. మోత మాత్రం సమంగా లేదు, మధ్యమధ్య ఒక క్షణం జుయ్యిమని పైకి పోయి మళ్లీ బరబరకు దిగుతోంది. సగటు అంకెల్లో ఇది కనిపించదు, చెవి మాత్రమే పట్టుకుంటుంది.

ట్యాంకు నుంచి వచ్చే గొట్టాన్ని పారదర్శకమైన దానితో మార్చి నేల మీద 12,000 వద్ద చూస్తే సన్నటి బుడగల దారం. సబ్బు నురగలాంటిది, లీకు వల్ల వచ్చే పెద్ద బుడగలు కావు. అదురుకు ట్యాంకులోనే ఇంధనం చిలకబడుతోంది.

మూడు కారణాలు దొరికాయి, విడివిడిగా సరిచేశాం. ఇంజన్ బిగించిన ఎం3 బోల్టులు ఒక్కోటి పావు చుట్టు పైగా బిగుసుకున్నాయి. ఇంజన్ చెవుల కింద చెక్క నలిగింది. చెవుల కింద 1.5 మి.మీ. అల్యూమినియం పట్టీలు వేశాం, బుడగలు కొంత తగ్గాయి. ప్రొపెల్లర్‌ను కడ్డీ మీద నిలబెడితే ఒక రెక్క ఎప్పుడూ కిందకే వస్తోంది. బరువైన రెక్క వెనక ముఖాన్ని సన్న గరుకు కాగితంతో రుద్ది సమం చేసి వార్నిష్ వేశాం. బుడగలు చాలా తగ్గాయి. ముక్కు రెండు పక్కలా 1.5 మి.మీ. ప్లైవుడ్ పలకలు రెక్క ముందంచుకు 20 మి.మీ. ఇవతలే ఆగాయి, ముక్కు అక్కడే ఊగుతోంది. పలకలను రెక్కలోకి 30 మి.మీ. చొచ్చుకునేలా మార్చాం. ట్యాంకు కింద 3 మి.మీ. స్పాంజి. బుడగలు పూర్తిగా పోయాయి.

పలకలు మొదటే పొడవుగా కోసి ఉంటే ఈ దశ ఉండేది కాదు. విమానం కట్టేవాళ్లు ఇది చూసుకోవాలి. అంటించాక మార్చడం రెండు రోజుల పని, పైగా 11 గ్రాముల బరువు.

ఇప్పటివరకు: 9 ఎగురుళ్లు, నడక 82 నిమిషాలు, ఇంధనం 870 మి.లీ.

దశ 8: ట్యాంకు ఎత్తు

ఇది గాలిలో తప్ప తేలదు. ట్యాంకు మొన, స్ప్రేబార్ రంధ్రం ఒకే ఎత్తులో ఉండాలని కొలిచే పెట్టాం. అయినా మొదటి కొలతల్లో తేడా వచ్చింది. నిటారుగా 10 చుట్లు, తలకిందులుగా 10 చుట్లు, ఒకే ఎగురులో:

ఉన్నచోట: 50.8, 48.1
1.5 మి.మీ. కిందకి: 50.2, 49.0
3.0 మి.మీ. కిందకి: 49.9, 49.8

సూత్రం ఇది. తలకిందులుగా వేగం పెరిగితే అప్పుడు లీన్ అవుతోందన్నమాట. ట్యాంకు ఎక్కువ ఎత్తులో ఉంది, దించాలి. తలకిందులుగా మందగిస్తే ట్యాంకు ఎత్తాలి. ట్యాంకు పట్టీల కింద 1.5 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు పెట్టుకుంటే ఈ మార్పు మైదానంలోనే ఐదు నిమిషాల పని. ఇది కుదిరే దాకా పల్టీలు మొదలుపెట్టొద్దు.

ఇప్పుడు సమతలంలో బరబర, ముక్కు ఎత్తగానే జుయ్యి, దిగేటప్పుడు మళ్లీ బరబర. లూప్ పైకెక్కే సగంలో బలం తనంతట తాను వస్తోంది, దిగేటప్పుడు వేగం ఎక్కువ కావడం లేదు. ఇంజన్‌కు 2 డిగ్రీల బయటి వంపు, బయటి రెక్క చివర 15 గ్రాముల సీసం. తీగలు ఎక్కడా వదులు కాలేదు.

రెండో లీటరులో ఆముదం 22 శాతానికి తగ్గించాం: మిథనాల్ 578 గ్రాములు, ఆముదం 211, నైట్రో 57. నీడిల్ పావు చుట్టు మూయాల్సి వచ్చింది. నూనె తగ్గితే ఇంధనం పలచబడి అదే రంధ్రంలోంచి ఎక్కువ పోతుంది.

ఇప్పటివరకు: 15 ఎగురుళ్లు, నడక 112 నిమిషాలు, ఇంధనం 1,170 మి.లీ., ప్లగ్గులు 2, ప్రొపెల్లర్లు 2 (ఒకటి దిగేటప్పుడు విరిగింది).

పక్క పని: 0.8 సి.సి. రీడ్ ఇంజన్

వెనక ట్యాంకు కలిసే ఉన్న చిన్న రీడ్ వాల్వ్ (గాలి ద్వారాన్ని తెరిచి మూసే పలచని రేకు) ఇంజన్‌ను ఇదే బల్ల మీద చూశాం. తేడాలు మాత్రం రాస్తున్నాం. దీనికి విడి ప్లగ్గు లేదు, హెడ్ మొత్తం ప్లగ్గే. తీగ కాలితే హెడ్ మార్చాలి. నైట్రో 15 నుంచి 25 శాతం ఇస్తేనే స్టార్టు కావడానికి ఒప్పుకుంటుంది. ఏ దిక్కుకు తిరిగినా రీడ్‌కు ఒకటే కనుక తరచూ వెనక్కి తిరుగుతూ అందుకుంటుంది, ఆపి మళ్లీ తిప్పడం తప్ప మార్గం లేదు.

మోత ఎగిసిపడుతూ ఉంటే చూడాల్సిన చోట్లు వరసగా: రీడ్ రేకు కింద నలక, ట్యాంకు వెనక మూత గాస్కెట్, నీడిల్ మర. మా ఇంజన్‌లో రీడ్ కింద ఒక నూలుపోగు దొరికింది, గుడ్డతో తుడిచినప్పుడు అంటినది. అప్పటి నుంచి లోపలి భాగాలను గుడ్డతో తుడవడం మానేసి, సిరంజిలో మిథనాల్‌తో కడిగి ఆరబెడుతున్నాం. ఇంధనం కూడా రెండుసార్లు వడకట్టి పోస్తున్నాం.

రోజు ముగిశాక

1. ట్యాంకులో మిగిలింది సిరంజితో లాగేయాలి.
2. బ్యాటరీ తగిలించి ఇంజన్ తిప్పుతూ లోపలి తడి కాల్చేయాలి.
3. ప్లగ్గు రంధ్రంలో, వెంచురిలో నాలుగేసి చుక్కల పలచని నూనె. పదిసార్లు చేత్తో తిప్పాలి.
4. ఎగ్జాస్టు ద్వారం మూసుకునే చోట పిస్టన్ నిలపాలి, దుమ్ము లోపలికి పోదు.
5. విమానం మీది నూనెను గుడ్డతో తుడవాలి. ముక్కు చెక్కలోకి నూనె ఇంకితే అంటించిన చోట్లు వదులవుతాయి.

తర్వాతి పని: 8×4 బదులు 8×5 ప్రొపెల్లర్, అదే వెంచురి, అదే ట్యాంకు. చుట్టు సమయం 5.0 దగ్గరే ఉంచి నేల మీద ఎంత ఆర్పీఎం తగ్గించాలో కొలవాలి. రెండు ప్రొపెల్లర్లు సమం చేసి వార్నిష్ ఆరబెట్టాం.